ప్రతివందనం

లూథరన్ చర్చిలో ఆదివారం ఆరాధనకు మొదటిసారి వెళ్ళే మనిషికి పాట కంటే, ప్రార్థన కంటే ముందు ఎదురయ్యేది ఒక పలకరింపు. చెప్పులు విడిచే చోటో, గేటు దగ్గరో ఎవరో ఒక పెద్దాయన చేతులు జోడించి "వందనాలండీ" అంటాడు. కొత్తవాళ్ళు చాలామంది అక్కడే తడబడతారు. నమస్తే అనాలా, తల ఊపి ఊరుకోవాలా, తామూ అదే మాట అనాలా? జవాబు తేలికే. అదే మాట అనవచ్చు. నమస్కారం అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తడబాటు మాత్రం ఊరికే పుట్టింది కాదు. మన దగ్గర పలకరింపు ఎప్పుడూ మనుషుల ఎత్తుపల్లాలు కొలిచే పని చేసింది. ఎవరు ముందు అనాలి, ఎవరు బదులివ్వాలి, ఏ మాటతో, ఎంత వంగి అన్న లెక్క మనకు చిన్నప్పుడే ఒంటబడుతుంది. వందనం అనే మాట ఆ లెక్కల్లో పుట్టి పెరిగిందే. చర్చిలో అది ఏ దారి పట్టిందో చూస్తే లోపల జరిగే ఆరాధన కూడా సగం అర్థమవుతుంది.

ముందు మాట పుట్టుక. పాణినీయుల ధాతుపాఠం వంద్ అనే ధాతువుకు రెండు అర్థాలు చెబుతుంది: అభివాదనం, స్తుతి. మొదటిది ఎదుటివారిని గౌరవంగా పలకరించడం, రెండోది పొగడడం. తెలుగులో ఈ రెండు కొమ్మలూ పచ్చగానే ఉన్నాయి. వందిమాగధులు అన్నప్పుడు స్తుతి వినిపిస్తుంది. పతాక వందనం, గౌరవ వందనం అన్నప్పుడు అభివాదనం. అమరకోశంలో వందారువు అంటే వినయంగా అభివాదం చేసేవాడు. ఈ ధాతువు, పలకడం అనే అర్థమున్న వద్ ధాతువు, మొదట్లో ఒకటేనని కొందరు నిఘంటుకారుల అభిప్రాయం. అభివాదనం అన్న మాటలో ఉన్నదీ ఆ వద్ ధాతువే. దీన్నిబట్టి వందనం మొదట నోటి పని.

మిగతా మాటలతో పోల్చి చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. నమస్కారంలో ఉన్న నమ్ ధాతువుకు వంగడమని అర్థం. దండం పెట్టడంలో కర్ర పడ్డట్టు నేలమీద సాగిలపడే దండప్రణామం దాగి ఉంది. మొక్కు మన సొంత మాట. దానికి చేతులూ కావాలి, తలా వంగాలి. తమిళుల వణక్కం పైకి వందనానికి చుట్టంలా కనిపిస్తుంది గాని దాని మూలం వణంగు అనే ద్రావిడ క్రియ, అదీ వంగడమే. ఇలా ఒళ్ళు వంచే మాటల నడుమ వందనం పలుకుతో మొదలైన మాట. అయినా మనం దాన్నీ నిలబడనివ్వలేదు. పాదాభివందనం అని సమాసం కట్టి కాళ్ళ దగ్గరికే చేర్చాం.

పలుకుతో మొదలైనది కాబట్టి దానికి బదులు పలుకు ఉండాలి. సంస్కృతంలో దాని పేరు ప్రత్యభివాదం. ఎత్తుపల్లాలు కొట్టొచ్చినట్టు కనిపించేది ఈ బదులులోనే. చిన్నవాడు తన పేరు చెప్పుకుని అభివాదం చేస్తే, పెద్దవాడు ఆయుష్మంతుడివి కమ్మని దీవిస్తూ అతని పేరు చివరి అచ్చును మూడు మాత్రల కాలం సాగదీసి పలకాలి. వ్యాకరణంలో ఆ సాగదీతను ప్లుతం అంటారు. పాణిని అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయం రెండో పాదంలో దీనికొక సూత్రమే ఉంది. ఆ సూత్రంలోనే ఒక మినహాయింపు కూడా ఉంది: అభివాదం చేసినవాడు శూద్రుడైతే ఆ సాగదీత అక్కర్లేదు. తర్వాత వచ్చిన వార్తికకారుడు ఆ మినహాయింపులో స్త్రీలనూ చేర్చాడు. దీవెన ఆపమని ఎవరూ అనలేదు. తేడా అంతా ఒక్క అచ్చు నిడివిలో ఉంది. కానీ సమాజం తన నిచ్చెనను ఒక అచ్చు మాత్రల్లో కూడా భద్రంగా దాచుకోగలదని చెప్పడానికి ఇంతకంటే సూక్ష్మమైన సాక్ష్యం దొరకదు. పలకరింపు ఎలా ఉన్నా, బదులు ఎలా ఉందో చూస్తే ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలిసిపోతుంది.

తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్ళలో ఈ నిచ్చెనకు వ్యాకరణం అక్కర లేకపోయింది. దొరల కాలంలో గడీ ముందు వినిపించిన మాట "నీ బాంచెన్, కాల్మొక్త". బాంచ అంటే ఊడిగం చేసే మనిషి. నేను నీ ఊడిగపుదాన్ని, నీ కాళ్ళు మొక్కుతాను అని నోటితోనే ఒప్పుకోవడం ఆ పలకరింపు. దానికి బదులు పలుకు లేదు. దొర తల ఊపితే ఊపినట్టు, లేకుంటే లేదు. పైకి మాత్రమే పోయి కిందికి తిరిగిరాని మాట అది. పల్లెల్లో దండం కూడా ఎక్కువగా ఆ దారినే నడిచింది.

అదే నేలమీద ఇంకో పలకరింపు ఉంది: శనార్తి. తెలంగాణ ఉద్యమ సభల్లో "అందరికీ శనార్తులు" అని మళ్ళీ బాగా వినిపించిన మాట ఇదే. ఇది శరణార్థి అరిగి మిగిలిన రూపం. వెనకాల ఉన్నది వీరశైవుల "శరణు శరణార్థి". కామారెడ్డి జిల్లా పడమటి కొస దాటితే బీదర్ జిల్లా. బసవేశ్వరుడి కళ్యాణం ఆ జిల్లాలోదే. శరణులని పిలిచే అక్కడి శివభక్తులలో హరళయ్య కథ ప్రసిద్ధం. చెప్పులు కుట్టే హరళయ్య దారిలో ఎదురైన బసవన్నకు శరణు అన్నాడు. రాజు బిజ్జలుడి కొలువులో మంత్రిగా ఉన్న బసవన్న బదులుగా శరణు శరణార్థి అన్నాడు. ఒక్క శరణుకు రెండు శరణులు తిరిగొచ్చాయి. ఆ ఎక్కువైన ఒక్క మాట బరువు మోయలేక హరళయ్య, ఆయన భార్య కళ్యాణమ్మ తమ తొడల చర్మం తీసి బసవన్నకు చెప్పులు కుట్టారని ఐతిహ్యం. కథలోని చర్మం సంగతి నమ్మినా నమ్మకపోయినా, అందులోని కొలత మాత్రం కచ్చితమైనది. పాణిని సూత్రం ఎవరికిచ్చే బదులులో మాత్రలు తగ్గించిందో, అలాంటి మనిషికే బసవన్న బదులు రెట్టింపు చేశాడు. శనార్తి అనే మనవాళ్ళలో చాలామందికి ఇది గుర్తులేదు గాని ఆ మాట కడుపులో ఆ కథ ఉంది.

క్రైస్తవుల వందనం ఇంకో దారిన వచ్చింది. కొత్త నిబంధన గ్రీకులో ఒకరి క్షేమం కోరి పలకరించడానికి అస్పాజొమై అనే క్రియ వాడతారు. ఆప్యాయంగా చేరదీసుకోవడమన్న ఛాయ కూడా దానికుంది. తెలుగు బైబిలు దానికి వందనం అన్న మాటను ఎంచుకుంది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయమంతా దాదాపు ఈ వందనాల జాబితాయే. గ్రీకు మూలంలో ఆ ఒక్క అధ్యాయంలో ఆ క్రియ ఇరవైసార్లకు పైగా వస్తుంది. చర్చిలో ఈ అధ్యాయం చదువుతుంటే చాలామందికి విసుగ్గా ఉంటుంది. అయితే ఆ పేర్ల వంక నిదానంగా చూడండి. అంప్లీయతు, ఊర్బాను లాంటి పేర్లు ఆనాటి రోములో బానిసలకూ, విడుదలైన బానిసలకూ తరచుగా ఉండేవని పరిశోధకులు గుర్తించారు. పౌలు చెబుతుంటే పత్రిక రాసిపెట్టిన లేఖకుడు తెర్తియు కూడా మధ్యలో ఒక వాక్యం తన సొంతంగా చేర్చి తన వందనం చెప్పుకున్నాడు. చెప్పింది రాసే మనిషికీ ఒక పలకరింపు దక్కిన ఉత్తరం అది. ఇలా మోకాళ్ళ ఎత్తునుంచి చూసే మాటగా ఉన్న వందనం ఆ అనువాదంలో భుజాల ఎత్తుకు వచ్చింది. నేడు తెలుగు క్రైస్తవుడు దేవుడికీ "తండ్రీ, నీకు వందనాలు" అంటాడు, పక్కింటి మనిషికీ వందనాలే అంటాడు. ధాతుపాఠం చెప్పిన స్తుతి, అభివాదనం రెండూ ఒకే నోట ఒకే ఉదయం వినిపించే చోటు చర్చి.

ఇక లూథరన్ల సంగతి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు పాత ప్రొటెస్టెంటు సంఘాలు ఎక్కువగా వెస్లియన్ మెథడిస్టు మిషను పెంచినవి. చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో కట్టించిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు మెథడిస్టులు అందులో చేరారు. అందుకే ఇక్కడి పల్లెల్లో చర్చి అంటే ముందు గుర్తొచ్చేది ఆ సంఘపు మెదక్ డయాసిస్. లూథరన్లు తెలుగు నేలమీద ఇంకో దిక్కున పాదుకున్నారు. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆ మిషన్ల ఫలితంగా 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 1947 నాటి ఐక్యతలో అది కలవలేదు. ఎవరి పొలం ఎంతవరకో మిషన్లు గట్లు వేసుకున్న రోజుల్లో లూథరన్లకు కోస్తా, మెథడిస్టులకు ఈ మంజీర నది ఒడ్డు వచ్చాయి. ఇప్పుడు ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, చదువులు ఆ గట్లను చెరిపేశాయి. కామారెడ్డి అమ్మాయి గుంటూరు కోడలైతే, ఎల్లారెడ్డి అబ్బాయి హైదరాబాదులో లూథరన్ స్నేహితుడి వెంట ఆదివారం చర్చికి వెళితే, ఈ రెండు మర్యాదలూ ఎదురుపడతాయి.

తెలుగుతో లూథరన్ల పరిచయం గుంటూరు కంటే పాతది. 1726 నుంచి మద్రాసులో పనిచేసిన జర్మన్ లూథరన్ బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు నేర్చి, వ్యాకరణం రాసి, స్వదేశం వెళ్ళాక హాలే నగరంలో 1746, 1747 సంవత్సరాల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవేనని చెబుతారు. లూథరన్లకు ఆ పేరిచ్చిన మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరి తెలుగు రూపం వాటిలో ఒకటి. ప్రశ్న, దానికి జవాబు. అచ్చులో తెలుగు మొదలైందే ఇలా ఒకరు అడగడం, ఒకరు బదులివ్వడంగా.

లూథరన్ ఆరాధన కట్టుబడి కూడా అదే. కొత్తగా వెళ్ళినవారికి మొదట వింతగా అనిపించేది ఇది. వక్త మాట్లాడుతుంటే జనం వినే సభలా ఉంటుందనుకుని వెళతాం. అక్కడ జనం ప్రతి రెండు నిమిషాలకూ ఏదో ఒకటి పలుకుతూనే ఉంటారు. పాస్టరుగారు ఒక వాక్యం అంటారు, సంఘమంతా ఇంకో వాక్యం అంటుంది. ఆరాధన క్రమం పుస్తకంలో గురువు భాగం ఒకటి, సంఘం భాగం ఒకటి అని విడివిడిగా ఉంటాయి. పక్కవారు పుస్తకం మీ వైపు జరిపి, ఎక్కడున్నారో వేలితో చూపిస్తారు. చూపించకపోతే అడగండి, అడగడం మర్యాద తప్పడం కాదు.

క్రమం సాధారణంగా ఇలా నడుస్తుంది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంతో ఆరంభం. వెంటనే పాపపు ఒప్పుదల, ఆ వెనకే క్షమాపణ ప్రకటన. తర్వాత కనికరం అడిగే పాట, దేవుణ్ణి మహిమపరిచే పాట. ఆనాటి ప్రార్థన, పాత నిబంధన నుంచి, పత్రికల నుంచి, సువార్తల నుంచి చదివే పాఠాలు. సువార్త చదివేటప్పుడు అందరూ లేచి నిలబడతారు. విశ్వాస ప్రమాణం, ప్రసంగం, కానుక, మనవులు, సంస్కారం ఉన్న రోజున ప్రభువు సంస్కారం, చివర ఆశీర్వాదం. పాటలు ఎక్కువగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల నుంచి ఉంటాయి. ఈ పుస్తకం లూథరన్లకూ, బాప్టిస్టులకూ, దక్షిణ ఇండియా సంఘానికీ ఉమ్మడి సొత్తు. కీర్తన మీద రాగం, తాళం వేసి ఉంటాయి. కాబట్టి మెదక్ డయాసిస్‌లో పెరిగిన మనిషికి లూథరన్ చర్చిలో క్రమం కొత్తగా ఉన్నా గొంతు కొత్తగా ఉండదు.

ఈ వరసలో మన మాట ఎక్కడుంది? పాఠాలకు ముందు, ఆనాటి ప్రార్థన మొదలుపెట్టేటప్పుడు, పాస్టరుగారు సంఘం వైపు తిరుగుతారు. ప్రభువు మీకు తోడుగా ఉండాలని చేతులు చాచి కోరతారు. సంఘం తిరిగి ఆయన ఆత్మకూ ప్రభువు తోడుగా ఉండాలని కోరుతుంది. సంస్కారానికి ముందు ఇదే పలకరింపు మళ్ళీ వస్తుంది. దీన్ని ఇంగ్లీషు ఆరాధన పుస్తకాల్లో శాల్యుటేషన్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే అభివాదం, ప్రత్యభివాదం. లాటిన్ ఆరాధనలో పాతుకుపోయిన ఈ జంట వాక్యాలను లూథరన్లు వదులుకోలేదు. అమెరికా లూథరన్లు 1888లో రూపొందించుకున్న ఉమ్మడి ఆరాధన క్రమంలోనూ అవి ఉన్నాయి. అప్పట్లో గుంటూరు మిషనును నడిపిన సంఘమూ, రాజమండ్రి మిషనును నడిపిన సంఘమూ ఆ క్రమం తయారీలో భాగస్వాములే.

ఈ పలకరింపు బైబిల్లో ఎక్కడిదో చూస్తే కామారెడ్డి మనిషి ఉలిక్కిపడాలి. రూతు గ్రంథం రెండో అధ్యాయంలో కోతల కాలం. భూస్వామి బోయజు బేత్లెహేము నుంచి పొలానికి వస్తాడు. కోత కోస్తున్న కూలీలను చూసి, యెహోవా మీకు తోడుగా ఉండాలని ముందుగా తానే పలకరిస్తాడు. కూలీలు కొడవళ్ళు చేతపట్టుకునే యెహోవా నిన్ను ఆశీర్వదించాలని బదులిస్తారు. ఆ పొలంలోనే పరిగె ఏరుకుంటున్న మోయాబు దేశపు విధవరాలు రూతు ఉంది. దొర ముందు పలకరించాడు, కూలీలు బదులు చెప్పారు. మన పల్లెల్లో "కాల్మొక్త" ఏ దిక్కుగా నడిచిందో దానికి ఇది సరిగ్గా ఎదురు దిక్కు. చర్చిలో ఆదివారం వినిపించే ప్రత్యభివాదానికి ఊట ఆ వరిచేను లాంటి బార్లీ చేనులో ఉంది. పౌలు ఉత్తరాల చివర వచ్చే దీవెన మాటలు కలిసి బదులు వాక్యం ఆత్మ అన్న మాటను తెచ్చుకుంది. ఎంత అలంకరించినా పునాది మాత్రం యజమానీ కూలీలూ ఒకరినొకరు దీవించుకోవడమే.

అందుకే సంఘం చెప్పే బదులును పెదవుల చివర గొణిగి వదిలేయకూడదు. పాస్టరుగారు సంఘాన్ని దీవిస్తారని అందరికీ తెలుసు. సంఘం పాస్టరును దీవిస్తుందని చాలామంది గమనించరు. తెల్లని అంగీ, కాలాన్నిబట్టి ఆకుపచ్చ, ఊదా, తెలుపు, ఎరుపు రంగుల ఉత్తరీయం వేసుకుని నిలబడ్డ ఆ మనిషికి ముందు వరసలోని కాలేజీ లెక్చరరూ, వెనక వరసలోని ఉపాధి హామీ కూలీ ఒకే మాటతో, ఒకే నిడివితో ఆశీర్వాదం ఇస్తారు. ఏ అచ్చునూ ఎవరి కోసమూ పొడిగించరు, కుదించరు.

పాస్టరుగారు ఎటు తిరిగి ఉన్నారో గమనిస్తే కొత్తవారికి చాలా సంగతులు వాటంతటవే తెలుస్తాయి. బల్లపీఠం గోడకు ఆనించి ఉన్న పాత పద్ధతి చర్చిల్లో, దేవుడితో మాట్లాడేటప్పుడు ఆయన జనంతోపాటు పీఠం వైపు తిరుగుతారు. దేవుడి తరఫున జనానికి ఏదైనా ఇచ్చేటప్పుడు జనం వైపు తిరుగుతారు. క్షమాపణ, సువార్త, సంస్కారం, ఆశీర్వాదం ఇటు వచ్చేవి. ఒప్పుదల, ప్రార్థన, స్తుతి అటు వెళ్ళేవి. లూథర్ సహచరుడు మెలంక్తన్ 1531లోనే ఈ తేడాను వివరించాడు: దేవుడు మనకిచ్చేది ఒకటి, మనం దేవుడికి అర్పించేది ఇంకొకటి, రెంటినీ కలిపేయకూడదు. లూథరన్ల పట్టుదలంతా ఈ వరసలోనే ఉంది. వారి లెక్కలో మొదటి పలకరింపు పైనుంచి వస్తుంది, మన స్తుతి దానికి బదులు. మనం వందనం చేస్తే ఆయన కరుణిస్తాడని కాదు, ఆయన ముందు పలకరించాడు కాబట్టి మనం వందనం చేస్తాం. బోయజు పొలంలో జరిగింది కూడా ఈ వరసలోనే.

బదుళ్ళలో చిన్నది ఆమేన్. ఇది హీబ్రూ మాట, స్థిరంగా ఉండడమన్న ధాతువు నుంచి వచ్చింది. మన తథాస్తు దీనికి దగ్గరగా ఉంటుంది గాని తథాస్తు ఇచ్చేవాడి మాట, ఆమేన్ పుచ్చుకునేవాడి మాట. ఒకరు చేసిన ప్రార్థనను అందరూ తమదిగా ఒప్పుకుని సంతకం చేయడం అది. మొదటిసారి వెళ్ళినవారు ఇంకేదీ పలకకపోయినా ఇది పలకవచ్చు. మనసొప్పని చోట మౌనంగా ఉన్నా ఎవరూ నిలదీయరు.

ఇప్పుడు చేతుల సంగతి. పౌలు తన వందనాల జాబితా చివర, పవిత్రమైన ముద్దుతో ఒకరినొకరు పలకరించుకోమన్నాడు. తెలుగు బైబిల్లో అక్కడున్నదీ వందనమే. మన పల్లెల్లో పదిమంది ముందు ముద్దు సాగే పని కాదు. దక్షిణ ఇండియా సంఘం 1950లో తయారుచేసిన సంస్కార క్రమం దీనికో దారి చూపింది. పీఠం దగ్గర మొదలైన సమాధానపు పలకరింపు రెండు అరచేతుల మధ్య అవతలివారి చేతిని పుచ్చుకుని, ఒకరి నుంచి ఒకరికి వరస వెంట చివరి మనిషి దాకా వెళుతుంది. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో బతికున్న పాత అలవాటు దీనికి ఆదర్శం. ఇక్కడి నుంచే ఆ అలవాటు పశ్చిమ దేశాల సంఘాల చూపులో పడింది. 1978లో అమెరికా లూథరన్లు తెచ్చిన ఆరాధన పుస్తకంలోనూ సమాధానపు పలకరింపు చోటు చేసుకుంది. మిషనరీలు అటునుంచి ఇటు తెచ్చినవే మనం లెక్కపెడుతుంటాం. ఈ ఒక్కటి ఇటునుంచి అటు వెళ్ళింది. ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చిన మెదక్ డయాసిస్ మనిషి లూథరన్ చర్చిలో ఇది చూస్తే పరాయిగా చూడక్కర్లేదు. కొత్తవారు చేతులు చాచినా సరే, జోడించినా సరే. స్త్రీలకు పురుషులు చేతులు జోడించి వందనాలనడమే మన దగ్గర వాడుక.

కొన్ని చోట్ల బదులు ఇవ్వనక్కర్లేదని కూడా తెలిసి ఉండాలి. కానుక సంచి వరస వెంట వస్తుంది. వేయాలని లేకపోతే పక్కవారికి అందిస్తే సరి. సంస్కారం ప్రతి ఆదివారమూ ఉండకపోవచ్చు. ఉన్న రోజున రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి జనం పీఠం దగ్గరికి వెళ్ళి మోకరిస్తారు. రొట్టెతో, రసంతో క్రీస్తు శరీర రక్తాలు నిజంగా అందుతాయన్నది లూథరన్ల విశ్వాసం. అందుకే బాప్తిస్మం, బోధ పొందినవారే పుచ్చుకోవాలంటారు. ఇతర సంఘాలవారు ముందే పాస్టరుగారిని అడగడం మంచిది. మిగతావారు తమ చోటనే కూర్చుని ఉండవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. ఊరి చర్చిల్లో ఆడవాళ్ళొకవైపు, మగవాళ్ళొకవైపు కూర్చోవడం, ప్రార్థనలో ఆడవాళ్ళు కొంగు తలమీదికి తెచ్చుకోవడం తరచుగా చూస్తాం. చెప్పులు గుమ్మం దగ్గర కనిపిస్తే మీరూ అక్కడే విడవండి. ప్రకటనల సమయంలో కొత్తగా వచ్చినవారిని లేచి పేరు, ఊరు చెప్పమనడం చాలా సంఘాల్లో అలవాటు. మొహమాటమైతే ముందే ఎవరితోనైనా చెప్పి ఉంచండి.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. నోటి మాట సమానమైనంత మాత్రాన నేల సమానమైపోదు. గుంటూరు సీమలోనైనా, మెదక్ సీమలోనైనా మిషను సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ వాడల నుంచి వచ్చినవారు. చాలా ఊళ్ళలో చర్చి ఇప్పటికీ వాడలోనే ఉంది. ఊరు దాకా దాని వందనం చేరలేదు. చర్చి లోపలా మాలా మాదిగా అన్న గీతలు పూర్తిగా చెరగలేదు. పాస్టరును అయ్యగారూ అని పిలిచే నోటికి ఆయన ఆత్మను దీవించే మాట ఒక్కోసారి బరువెక్కుతుంది కూడా. ఆదివారం వినిపించిన ప్రత్యభివాదాన్ని సోమవారం పొలంలో, ఆఫీసులో, కిరాణా కొట్టు ముందు అడగగలిగిన నాడే అది పూర్తవుతుంది. క్రమం చేయగలిగింది ఒకటుంది: తరతరాలుగా బదులు దక్కని మనుషుల నోట ప్రతి వారం బదులు పెట్టింది. అలవాటైన నోరు ఎక్కడో ఒకచోట అడగక మానదు.

ఈమధ్య మాట కూడా మారుతోంది. కొత్త ప్రార్థన కూటాల ప్రభావంతో కుర్రవాళ్ళు వందనాలు మాని "ప్రైజ్ ద లార్డ్" అంటున్నారు, బదులూ అదే. అందులో స్తుతి నిండుగా ఉంది గాని ఎదుటి మనిషి లేడు. ధాతుపాఠం వంద్ ధాతువుకిచ్చిన రెండు అర్థాల్లో ఒకటి రాలిపోయిందన్నమాట. దేవుణ్ణి పొగుడుతూనే మనిషిని పలకరించగలగడం వందనం బలం. ఆ బలం పోగొట్టుకోవడం ఎవరికీ లాభం కాదు.

కనుక మొదటిసారి వెళ్ళేవారికి మర్యాద గురించిన దిగులు అక్కర్లేదు. మన పాత లెక్క ప్రకారం చిన్నవాడు, కొత్తవాడు, కిందివాడు ముందు అనాలి. బోయజు నడిచిన లెక్కలో పొలం ఎవరిదో వారే ముందు అనాలి. చర్చి గుమ్మంలో మీరు చుట్టాలు, లోపలివారు ఇంటివారు; ముందు పలకాల్సిన బాధ్యత వారిది. పది మందిని దాటుకుని లోపలికి వెళ్ళినా ఒక్కరూ పలకరించకపోతే మర్యాద తప్పింది మీరు కాదు, వారు. పలకరిస్తే మాత్రం బదులు బాకీ ఉంచుకోకండి. ఏ మాటతోనైనా ఇవ్వండి, ఎవరికిచ్చినా ఒకే నిడివితో ఇవ్వండి.